పాత పోకెమాన్ కార్డులకు గ్రేడింగ్ చేయిస్తే ధర నిజంగా పెరుగుతుందా?

హన్మకొండ పోరడు:
అందరికీ నమస్తే. మాది సుబేదారి. చిన్నప్పుడు మా మేనమామ అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా పోకెమాన్ కార్డులు తెచ్చేవాడు. మొన్న అమ్మ బీరువా సర్దుతుంటే బిస్కెట్ డబ్బాలో రబ్బరు బ్యాండు చుట్టి అన్నీ అలాగే దొరికాయి, అందులో 1999 నాటి మొదటి సెట్టు చారిజార్డ్ (రెక్కల డ్రాగన్ బొమ్మ) కార్డు కూడా ఉంది, కింద 4/102 అని నంబరు ఉంది. పీఎస్ఏ అని అమెరికాలో ఒక కంపెనీ ఉందట, కార్డు అసలుదో కాదో చూసి, 10కి ఇంత అని గ్రేడ్ వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి ఇస్తుందట. దానికి పంపితే ధర పదింతలవుతుందని ఒక ఫ్రెండ్, ఉన్న డబ్బులు పోగొట్టుకోకని ఇంకొకడు. నాకైతే అంత దూరం పంపాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

కాజీపేట జంక్షన్:
తమ్ముడూ, ముందు ఆ రబ్బరు బ్యాండు తీసెయ్, అంచుల మీద నొక్కులు పడతాయి. తర్వాత బొమ్మ కింద ఎడమ పక్కన ఫస్ట్ ఎడిషన్ ముద్ర (మొదటి విడత అచ్చు అని గుర్తు) ఉందా, బొమ్మ ఫ్రేముకు కుడివైపు నీడ ఉందా చూడు. 2022 మార్చిలో 4,20,000 డాలర్లు పలికిన చారిజార్డ్ ఆ ముద్ర ఉన్నది, అదీ పీఎస్ఏ 10 వచ్చినది. ముద్ర లేకుండా నీడ ఉంటే అది బాగా ఎక్కువగా అచ్చయిన రకం, దానికి అంత ధర రాదు.

పాత కార్డుల పిచ్చి:
నేను దెబ్బతిన్న మాట చెప్తా. కంటికి కొత్తగా కనిపించిన 6 కార్డులు ఒక మధ్యవర్తి ద్వారా పంపితే 2 మాత్రమే 9 తెచ్చాయి, మిగతావి 7, 6. వాటికి ఫీజు, పోస్టేజీ కూడా రాలేదు. డబ్బులు తెచ్చేది ప్లాస్టిక్ పెట్టె కాదు, దాని మీది అంకె. 9కీ 10కీ మధ్యే చాలాసార్లు ధర రెండింతలు, ఇంకా పైన కూడా తేడా వస్తుంది. వాళ్లు చూసేవి నాలుగు: బొమ్మ మధ్యలో పడిందా, మూలలు, అంచులు, పైపొర. గది లైటు ఆర్పేసి ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి కార్డును మెల్లగా అటూ ఇటూ తిప్పితే మెరిసే చోట వెంట్రుకంత గీతలు బయటపడతాయి. వెనక్కి తిప్పితే నీలం అంచు మీద తెల్ల చుక్కలు. అవి ఉంటే 10 ఆశ వదులుకో. బట్టతో తుడవకు, పాలిష్ పెట్టకు.

ఓరుగల్లు అన్న:
గ్రేడింగ్ అంటే దైవవాక్కు కాదు. 1991లో పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు, దానికి 8 ఇచ్చారు. కొత్తదానిలా కనిపించాలని దాని అంచులు తానే కత్తిరించానని ఒకప్పుడు దాన్ని కొని అమ్మిన వేలం వ్యాపారి 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. అయినా నకిలీలు ఇన్ని తిరుగుతున్నప్పుడు, ముక్కూ మొహం తెలియనివాడు ఆన్‌లైన్‌లో నమ్మి కొనాలంటే ఆ పెట్టె కావాల్సిందే. ఇంకోటి, ఏ కార్డుకు ఏ గ్రేడ్ ఎన్నింటికి ఇచ్చారో పీఎస్ఏ సైట్లోనే ఉంటుంది. పంపే ముందు అది చూడు, 10లు కుప్పలుగా ఉంటే ధర దిగుతుంది.

హన్మకొండ పోరడు:
అన్నలందరికీ థ్యాంక్స్. రాత్రి టార్చ్ వేసి చూశా. ముద్ర లేదు, నీడ ఉంది, రెక్క మీద సన్నటి గీత, వెనక రెండు మూలల్లో తెల్ల చుక్కలు. మిగతావన్నీ స్లీవుల్లో పెట్టేశా. దసరాకు మామ వస్తున్నాడు, చారిజార్డ్ ఒక్కటి ఆయన చేతికిచ్చి అక్కడి నుంచే పంపిస్తా. ఎంత గ్రేడ్ వచ్చినా అమ్మను, అది అసలుదని రాసి వస్తే చాలు.