ప్రతి యాక్సెస్ పాయింట్ దాకా ఫైబర్ లాగాలా, ఫ్లోర్ దాకా చాలా?

ప్రశ్న: ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగ్‌లో కొత్తగా వైఫై పెడుతున్నాం. సీలింగ్‌లోని ఒక్కో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) దాకా ఫైబరే (వెలుగుతో డేటా పంపే గాజు పోగు) వెయ్యాలని ఒకరు, ఫ్లోర్ స్విచ్ (ఆ అంతస్తు నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే పరికరం) దాకా ఫైబర్, ఆపైన క్యాట్6ఏ రాగి కేబుల్ చాలని ఇంకొకరు. మీరేమంటారు?

జవాబు 1: ఫైబరే వెయ్యండి. రాగి మీద ఈథర్‌నెట్‌కి 100 మీటర్లే హద్దు, అందులో రెండు చివర్ల పరికరాలకి తగిలించే చిన్న కేబుళ్లు, అంటే ప్యాచ్ కార్డులూ కలిసే ఉంటాయి. సింగిల్ మోడ్ (వెలుగుకి సన్నటి దారి ఉండే ఫైబర్ రకం) ఒకసారి లాగితే, రేపు వేగం పెంచాలన్నా రెండు చివర్ల పరికరాలు మార్చితే సరిపోతుంది. సీలింగ్ మళ్లీ విప్పక్కర్లేదు.

జవాబు 2: దూరం మాట నిజమేనండీ, మరి కరెంటు? గాజు పోగులో కరెంటు పారదు కదా. రాగి కేబుల్ డేటాతో పాటు దాన్నీ మోసుకెళ్తుంది. ఇలా నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు పంపే పద్ధతిని పీఓఈ అంటారు. 2003 నాటి పీఓఈ ప్రమాణం స్విచ్ దగ్గర 15.4 వాట్లు ఇచ్చేది, 2018 నాటిది 90 దాకా ఇస్తుంది. ఫ్లోర్ స్విచ్‌కి ఒక్క యూపీఎస్ పెడితే ఆ అంతస్తులో వైఫై అంతా నిలబడుతుంది. ప్రతి పాయింట్‌కీ విడిగా అడాప్టర్ పెడితే ఎన్నింటికని బ్యాకప్ ఇస్తారు?

ఇంకొకటి, నేను స్వయంగా పడ్డ తిప్పలు. ఒక పాయింట్ మాటిమాటికీ డ్రాప్ అవుతుంటే రెండు రోజులు సెట్టింగులే మారుస్తూ కూర్చున్నాం. చివరికి కనెక్టర్‌ని ఫైబర్ స్కోప్‌లో చూస్తే నట్టనడుమ ఒక దుమ్ము రేణువు! సింగిల్ మోడ్‌లో వెలుగు వెళ్లే దారి 9 మైక్రాన్లే మరి. క్లీనర్ పెన్నుతో తుడిచాక లైన్ మళ్లీ కట్ కాలేదు. సీలింగ్‌లో అన్ని చోట్లా ఆ పని చెయ్యగల మనిషి మీకు ఉన్నాడా?

జవాబు 1: శుభ్రం చెయ్యడం నేర్చుకుంటే వచ్చే పనే. కరెంటుకి ఫైబర్, రాగి తీగలు కలిసిన హైబ్రిడ్ కేబుల్ ఉంది. వంపుల భయమూ అక్కర్లేదు, వంపులు తట్టుకునేలా చేసిన జీ.657.ఏ2 రకం ఫైబర్ 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా తట్టుకుంటుంది.

జవాబు 2: హైబ్రిడ్ మంచిదే, రాగి అందని చోట అదే వెయ్యమంటాను. మిగతా చోట్ల క్యాట్6ఏ 100 మీటర్ల దాకా 10 గిగాబిట్లు ఇస్తుంటే సీలింగ్‌లో అన్ని కనెక్టర్లు ఎందుకు? మీ పట్టుదల అంతస్తుల మధ్య కేబుళ్లు దిగే నిలువు షాఫ్ట్‌లో చూపించండి. ఫ్లోర్‌కి రెండు పోగులు చాలినా పన్నెండు వెయ్యండి, అక్కడ మళ్లీ కేబుల్ దింపడం నరకం.

ప్రశ్న అడిగినవారు: ప్లాన్ మీద కొలిచి చూశాను. సెల్లార్ పార్కింగ్ మూలన రెండు పాయింట్లే హద్దు దాటుతున్నాయి. వాటికి హైబ్రిడ్, మిగతావాటికి క్యాట్6ఏ అని రాసుకున్నాను. షాఫ్ట్‌లో పన్నెండు పోగులకి చోటుందో లేదో రేపు మూత తీసి చూస్తాను.