ప్రార్థన కోసం చెప్పుకొన్న సంగతి నిందగా మారితే ఏం చేయాలి?

ప్రశ్న (హన్మకొండ సహోదరి):
అందరికీ వందనాలు. మా చెల్లికి అండాశయంలో గడ్డ ఉందని తేలి ఆపరేషన్ చేయించాల్సి వచ్చినప్పుడు, మా అమ్మ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నలుగురు సహోదరీల ముందు కన్నీళ్లతో ఆ సంగతి చెప్పుకొని ప్రార్థించమని అడిగింది. ఆ మాట "వాళ్ల కోసం ప్రార్థన చేయండి" అంటూనే ఇల్లిల్లూ తిరిగి, పది రోజుల్లో మా చెల్లి గర్భం తీయించుకుందన్న నిందగా మారింది. కరీంనగర్‌లో కుదిరిన సంబంధం వాళ్లు కారణం చెప్పకుండానే వద్దనుకున్నారు. చెల్లి ఆరాధనకు రావడం మానేసింది. అమ్మ చివరి వరుసలో కూర్చొని, ఆశీర్వాదం కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతోంది. మాట మార్చి చెప్పిన సహోదరి ఎవరో మాకు తెలుసు. ఆమెను నిలదీయాలా, సంఘమే మారాలా?

జవాబు (జనగామ, సంఘ పెద్ద):
అమ్మా, మత్తయి సువార్త 18వ అధ్యాయం 15 నుంచి 17 వరకు ఉన్న వచనాల ప్రకారం ముందు ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజేయాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలపాలి. పెద్దలమైన మేము చాలాసార్లు మొదటి మెట్టు దగ్గరే "మీలో మీరు సర్దుకోండి" అని పంపించేస్తాం. అది మా తప్పు, ఎందుకంటే మూడో మెట్టు కూడా ప్రభువు చెప్పిందే. లేవీయకాండం 19:16 కొండెములాడుతూ తిరగవద్దన్న ఆజ్ఞను ప్రాణహాని చేయవద్దన్న ఆజ్ఞతో కలిపి ఒకే వచనంలో చెబుతుంది. మీ చెల్లెలికి జరిగింది చూస్తే ఆ రెండూ ఎందుకు పక్కపక్కన ఉన్నాయో అర్థమవుతుంది.

జవాబు (నర్సంపేట సహోదరి):
నేను ఇటువంటి తప్పే చేశాను కనుక రాస్తున్నాను. మా సంఘంలో కానుకల లెక్క చూసే తమ్ముడు కొత్త బండి కొంటే, డబ్బు ఎక్కడిదోనని మా వదినతో అన్నాను. అంతే అన్నాను. నెల తిరగకుండానే ఆయన ఆ బాధ్యత వదిలేశారు. దుబాయిలో ఉన్న బావ డబ్బు పంపారని తర్వాత తెలిసింది. నేను వెళ్లి క్షమాపణ అడిగితే క్షమించారు గానీ, "అక్కా, నాతో చెప్పారు సరే, ఆ ఇళ్లలో ఎవరు చెబుతారు?" అని అడిగారు. పదకొండు ఇళ్లకు వెళ్లి నేను అన్నది అబద్ధమని చెప్పాను. రెండిళ్లలో మాకేమీ తెలియదన్నారు. ఒక కుటుంబం అప్పటికే హైదరాబాదు వెళ్లిపోయింది. ఆ సహోదరి మీకు క్షమాపణ చెప్పడంతో సరిపెట్టుకోకండి, మాట మోసిన గడపలన్నిటికీ వెళ్లమని అడగండి.

జవాబు (కాజీపేట సహోదరుడు):
ఒక్క మనవి. నిజం నిరూపించడానికి ఆస్పత్రి కాగితాలు ఎవరికీ చూపకండి. మొదటిసారి ఆ అమ్మాయి సంగతి ఆమె ప్రమేయం లేకుండానే నలుగురిలోకి వెళ్లింది. ఈసారి ఏం చేయాలో ముందు ఆమెనే అడగండి.

హన్మకొండ సహోదరి:
అడిగాను. ఆ సంబంధం మళ్లీ వద్దంటోంది. ఆ సహోదరి వచ్చి అమ్మను పాత చోటుకు, రెండో వరుసకు, చేయి పట్టుకొని తీసుకెళ్తే తానూ ఆరాధనకు వస్తానంటోంది. రేపు సాయంత్రం నేనొక్కదాన్నే ఆమె ఇంటికి వెళ్తున్నాను.