పట్టికలో 10¹⁴, నా కొలతలో 10¹¹: అల్యూమినా బిళ్లలో తప్పెక్కడ?

ప్రశ్న:
96 శాతం అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) బిళ్ల, వ్యాసం 50 మి.మీ., మందం 2 మి.మీ. రెండు వైపులా 40 మి.మీ. మేర సిల్వర్ పెయింట్ పూసి, ఇన్సులేషన్ టెస్టర్‌తో 500 వోల్టులు పెడితే 3×10⁹ ఓమ్‌లు చూపిస్తోంది. లెక్క కడితే విశిష్ట నిరోధం 1.9×10¹¹ ఓమ్-సెం.మీ. పట్టికల్లో 10¹⁴ ఉంది. పైగా పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె. బిళ్లే నాసిరకమా?

జవాబు 1:
బిళ్లను అప్పుడే అనుమానించకండి. కరెంటులో ఎక్కువ భాగం అంచు మీది తేమ పొర పట్టుకుని పోతున్నట్టుంది. పూట పూటకీ అంకె మారడమే దానికి ఆనవాలు.

గార్డు రింగు కావాలి. ఒక వైపు మధ్యలో 25 మి.మీ. ఎలక్ట్రోడు (పెయింటు పూతే), 1 మి.మీ. ఖాళీ వదిలి దాని చుట్టూ రింగు. వెనక ఎలక్ట్రోడుకు 500 వోల్టులు, మధ్యదానికి ఎలక్ట్రోమీటరు (అతి చిన్న కరెంట్లు కొలిచే మీటరు), రింగు ఎర్త్‌కు. అంచు మీదుగా వచ్చే కరెంటు రింగులోకి దిగిపోతుంది, మీటరుకు చేరదు. వైశాల్యానికి 26 మి.మీ. వ్యాసం తీసుకోండి (చుట్టూ ఖాళీలో సగం కలుస్తుంది): 5.3 చ.సెం.మీ. 10¹⁴ నిజమైతే వచ్చే కరెంటు సుమారు 130 పికోఆంపియర్లే.

పెయింటుకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. పెయింటు ఆరాక 120 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచి డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చండి. ఆ తర్వాత పట్టకారుతోనే పట్టుకోవాలి. వేలిముద్రలోని ఉప్పు చాలు, మొదటికొస్తారు.

జవాబు 2:
పైదానికి చేర్పు. వోల్టేజీ పెట్టగానే కనిపించేది చాలావరకు ఛార్జింగ్ కరెంటు (బిళ్ల కెపాసిటర్‌లా ఛార్జ్ అయ్యేటప్పుడు పారేది). 60 సెకన్లు ఆగి చదవడం వాడుక. తర్వాత రెండు ఎలక్ట్రోడులనూ షార్ట్ చేసి, కరెంటు సున్నాకు దగ్గరయ్యాక ధ్రువాలు మార్చి మళ్లీ చదవండి. గుర్తులతో సహా రెండింటి తేడాలో సగమే అసలు కరెంటు. బిళ్లను లోహపు పెట్టెలో పెట్టండి. కేబుల్ కదిలినా అంకె ఊగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్సండీ. 600 డిగ్రీల్లో కూడా కొలవాలి. ఇదే పెయింటు పనికొస్తుందా?

జవాబు 2:
పనికిరాదు, అందులోని బైండర్ (వెండి రేణువులను అతికించి ఉంచేది) కాలిపోతుంది. ప్లాటినం పేస్టు పూసి కాల్చండి. ఆ వేడికి నిరోధం ఎన్నో రెట్లు పడిపోతుంది, 96 శాతం రకంలో గాజు దశలోని (అల్యూమినా రేణువుల మధ్య ఉండే గాజు భాగంలోని) సోడియం అయాన్లు కదులుతాయి కాబట్టి. అవి ఎలక్ట్రోడు దగ్గర పేరుకుని డీసీ కరెంటు తగ్గుతూనే పోతుంది, 60 సెకన్ల లెక్క అక్కడ నమ్మలేం. ఏసీ ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకు బిళ్ల ఇచ్చే అడ్డు) కొలతే మేలు. ముందుగా బిళ్ల లేకుండా ఖాళీ హోల్డర్‌ను అదే ఉష్ణోగ్రతలో కొలిచి చూడండి, లీకేజీ హోల్డర్‌దేమో తేలిపోతుంది.