అప్‌డేట్: మా పాప బ్యాలే గ్రేడ్లు, పాయింట్ షూస్ సంగతి

మహబూబ్‌నగర్ నుంచి ఎనిమిదేళ్ల మా పాపను హైదరాబాద్‌లో బ్యాలే (పాశ్చాత్య శాస్త్రీయ నృత్యం) క్లాసుకు తీసుకెళ్తున్నామని, గ్రేడ్ 1 వదిలేసి నేరుగా పై పరీక్ష ఇప్పించొచ్చా, కాలివేళ్ల కొసల మీద నిలబడి డ్యాన్స్ చేయడానికి వేసుకునే గట్టి పాయింట్ షూస్ ఎప్పుడు కొనాలని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మొన్న ఆదివారం టీచర్‌నే అడిగేశాను. ఈ బ్యాలే పరీక్షలు పెట్టే లండన్ సంస్థ రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్ సిలబస్‌లో గ్రేడ్ 1కి ఏడేళ్లుంటే చాలు. 8వ గ్రేడ్ వరకు కిందిది పాసై ఉండాలన్న రూలేమీ లేదు. అయినా ఆవిడ ఒప్పుకోలేదు. పాపను బార్ (పట్టుకొని ప్రాక్టీసు చేసే అడ్డకడ్డీ) దగ్గర నిలబెట్టి డెమీ ప్లియే, అంటే మడమలు నేలకు ఆనించే మోకాళ్లు సగం వంచడం, చేయించారు. మోకాళ్లు వంచగానే మడమలు లేస్తున్నాయి, పాదం లోపలివైపుకు ఒరిగిపోతోంది. ఇది కుదిరాకే పై మాట అన్నారు. నాకూ సబబే అనిపించింది.

పాయింట్ షూస్‌తో చేసే పాయింట్ వర్క్ ఇంటర్మీడియట్ ఫౌండేషన్‌లో (ఇదీ బ్యాలే పరీక్షే, కాలేజీ ఇంటర్ కాదు) వస్తుంది, ఆ పరీక్షకు కనీసం 11 ఏళ్లుండాలి. ఆ పై పరీక్షల్లో ఇంటర్మీడియట్‌కు 12, అడ్వాన్స్‌డ్ 1కి 14, అడ్వాన్స్‌డ్ 2కి 15. ఇంటర్మీడియట్ పాసవకుండా అడ్వాన్స్‌డ్‌కు వెళ్లనివ్వరు. అంటే షూస్ టెన్షన్ ఇప్పట్లో లేదు.

ఇంట్లో కిటికీ గ్రిల్లే మాకు బార్. "చువ్వలు పట్టుకొని ఈ వంగుడేంది బిడ్డా" అన్న మా అత్తమ్మే ఇప్పుడు మడమ లేస్తే చాలు, "కింద ఆనియ్యి" అని వంటింట్లోంచి కేకేస్తోంది.

గ్రేడ్ 1కే పేరిచ్చాం. మెత్తటి షూస్ మాత్రం కొత్తవి కొనాలి. ఎదిగే పిల్ల కదా అని సైజు పెద్దవి తేవద్దని టీచర్ గట్టిగా చెప్పారు.