అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే రీఫండ్ లేదు అనడం న్యాయమేనా?

వెలుగునీడ:
ఈ మధ్య సెకండ్ హ్యాండ్ సామాను అమ్మేవాళ్లలో చాలామంది ప్రకటన కింద ఒక లైను పెడుతున్నారు: "సీలు తీయక ముందు నుంచి ఆపకుండా తీసిన వీడియో ఉంటేనే రీఫండ్." నేను వేరే ఊళ్లో ఉండే ఒకాయన దగ్గర వాడిన కెమెరా లెన్స్ కొన్నాను. పెట్టె బయట ఎక్కడా నలగలేదు. లోపల మాత్రం లెన్స్ ముందు అద్దం అంచు నుంచి సగం దాకా చీలి ఉంది. వెంటనే ఫొటోలు తీసి పంపాను. పెట్టె, అందులో కుక్కిన కాగితాలు అన్నీ అలాగే ఉంచాను. ఆయనది ఒకటే మాట, వీడియో చూపించండి, లేదంటే మీ దగ్గరే పగిలిందనుకోవాలి అని. ప్రకటనలో ఆ లైను ఉన్నమాట నిజమే. కానీ అలా రాసినంత మాత్రాన బాధ్యతంతా నా నెత్తిన పడుతుందా? అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

పాతబంగారం:
అమ్మేవాళ్ల తరఫున నేను చెబుతాను. ఈ షరతు నేనూ పెడతాను, తీసే ఉద్దేశం కూడా లేదు. పాత ఆంప్లిఫయర్లు బాగుచేసి అమ్ముతుంటాను. ఒకాయన కొన్నారు, కొద్దిరోజులకే "శబ్దం రావట్లేదు" అని వెనక్కి పంపారు. విప్పి చూస్తే పై మూత నాదే, సీరియల్ నంబర్ స్టిక్కరు నాదే, లోపలి బోర్డు మాత్రం నాది కాదు. నేను కొత్తవి వేసిన కెపాసిటర్ల చోట పైన ఉబ్బి, కింద జిగురు కారిన పాతవి ఉన్నాయి. అంటే తన దగ్గర చెడిపోయి పడున్న అదే మోడల్లోంచి బోర్డు తీసి ఇందులో పెట్టి, నాది ఉంచేసుకున్నారన్నమాట. ప్లాట్‌ఫారం వాళ్లకి ఫొటోలతో సహా రాశాను. సరుకు మీకు తిరిగి చేరినట్టు ట్రాకింగ్‌లో ఉంది కదా అని ఆయన డబ్బు ఆయనకి ఇచ్చేశారు. ఖాళీ పెట్టె వచ్చిందనేవాళ్లు, ఇటుక వచ్చిందనేవాళ్లు వేరే ఉన్నారు. నిజాయితీగా కొనేవాళ్లకి రెండు నిమిషాలు ఫోన్ పట్టుకోవడం ఏం కష్టమండి?

తూకం:
పాతబంగారం గారూ, మీకు జరిగింది పచ్చి మోసం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ మోసాన్ని అన్‌బాక్సింగ్ వీడియో ఆపగలిగేదా, ఒక్కసారి ఆలోచించండి. ఆయన వీడియో తీసి ఉంటే అందులో మీ మంచి ఆంప్లిఫయరే కనిపించేది. బోర్డు మారింది ఆ తర్వాత. మిమ్మల్ని కాపాడేది ఆయన వీడియో కాదు, పంపేముందు మీరు తీసుకునే ఫొటోలు. మూత తీసి బోర్డు మీద అచ్చైన నంబరు, మీరు చేసిన సోల్డరింగ్, స్క్రూ తల మీద పెట్టిన చిన్న రంగు చుక్క, ఇవన్నీ ప్రకటనలోనే చూపించేస్తే బోర్డు మార్చాలనుకునేవాడు మీ జోలికే రాడు.

ఖాళీ పెట్టె గొడవకైతే వీడియో కంటే గట్టి సాక్ష్యం ఒకటుంది, బరువు. అది కొన్నవాడూ అమ్మినవాడూ కాని మూడో మనిషి రాసిన అంకె. పంపేటప్పుడు ఒకసారి తూస్తారు, చాలాచోట్ల దారిలో, పార్సిళ్లని ఊళ్లవారీగా వేరుచేసే సార్టింగ్ సెంటర్లో యంత్రం మళ్లీ తూస్తుంది. రెండుచోట్లా ఒకటే ఉండి, అది సరుకు బరువుకి సరిపోతే అక్కడిదాకా పెట్టె ఖాళీ కానట్టే. ఇక్కడ చాలామంది గమనించని తిరకాసు ఒకటుంది. కొరియర్ వాళ్లు అసలు బరువు, పెట్టె సైజును బట్టి లెక్కగట్టే బరువు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. సైజు లెక్క సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం. 40, 30, 30 పెట్టె అనుకోండి, 7.2 కిలోలు వస్తుంది. లోపల రెండు కిలోల దీపం ఉన్నా, ఏమీ లేకపోయినా రసీదు మీద 7.2 అనే పడొచ్చు. ఆ రసీదు ఏ గొడవలోనూ పనికిరాదు. అందుకే అసలు బరువు విడిగా రాయించుకోండి, కుదరకపోతే కాటా మీద ఉన్న పెట్టెని లేబుల్, అంకె రెండూ కనిపించేలా ఫొటో తీసుకోండి.

గోదాం_బాబాయ్:
నేను సార్టింగ్ సెంటర్లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి లెన్స్ సంగతి చెబుతాను. మీరంతా పార్సిల్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తుందనుకుంటున్నారు. పెద్ద సెంటర్లలో అది ఎక్కువసేపు బెల్టు మీదే ఉంటుంది, బెల్టు చివర జారి కిందున్న పెట్టెల మీద పడుతుంది, లారీలో దాని మీద ఇంకా బరువైన పెట్టెలు ఎక్కుతాయి. "ఫ్రాజైల్" అని ఎర్ర స్టిక్కర్లు ఎన్ని అంటించినా యంత్రం చదివేది బార్‌కోడ్ ఒక్కటే. నడుమెత్తు నుంచి గచ్చు మీద పడినా తట్టుకునేలా కట్టాలి, అంతే.

బయట పెట్టె నలగకుండా లోపల అద్దం చీలిందంటే నా అనుభవంలో తొంభై పాళ్లు కారణం ఒకటే, లోపల వస్తువు కదిలింది. నలిపిన న్యూస్‌పేపర్ దారిలో కుదుపులకి అణిగిపోయి చోటు వదిలేస్తుంది, ఆపై వస్తువు గోడకి కొట్టుకుంటూనే ఉంటుంది. లెన్స్‌కి బబుల్ ర్యాప్ చుట్టి చిన్న పెట్టెలో బిగించి, ఆ పెట్టెని పెద్ద పెట్టెలో అన్నివైపులా కనీసం ఐదు సెంటీమీటర్ల మెత్త ఉండేలా పెట్టాలి. మూసేశాక ఊపి చూస్తే చప్పుడు రాకూడదు. ఒకసారి తడిసి ఆరిన అట్టపెట్టె చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ దానిలో సగం బలం పోయినట్టే.

వెలుగునీడ గారూ, ఆ కాగితాలూ పెట్టే పారేయకండి. కొరియర్ వాళ్లు పరిశీలనకి వస్తే ముందు అడిగేది అవే. ఇంకో మాట, కొరియర్‌తో ఒప్పందం పంపినవాళ్లది. చాలాచోట్ల క్లెయిమ్ వేయగలిగేది ఆయనే, మీరు కాదు. కాబట్టి "కొరియర్ వాళ్లని అడుగు" అని ఆయన తప్పుకుంటే ఒప్పుకోవద్దు.

పాతబంగారం:
బాబాయ్ గారూ, ప్యాకింగ్ బాగోలేదని కొరియర్ వాళ్లు క్లెయిమ్ కొట్టేస్తే? అప్పుడు కూడా అమ్మినవాడే కదా మునిగేది.

గోదాం_బాబాయ్:
కొట్టేస్తారు, ఇన్సూరెన్స్ కట్టినా కొట్టేస్తారు. ప్యాకింగ్ సరిగా లేదన్నది వాళ్లు ఎక్కువగా చెప్పే కారణం. నిజంగానే ప్యాకింగ్ సరిగా లేకపోతే నష్టం ప్యాక్ చేసినవాళ్లది కాక ఇంకెవరిదండి? కొన్నవాళ్లు దాన్ని చూసింది కూడా లేదు.

నిబంధన:
చట్టం ఏమంటుందో చూద్దాం. వ్యాపారి నుంచి వినియోగదారు కొంటే ఐరోపా సమాఖ్య 2011 ఆదేశం, బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టం రెండూ ఒకటే చెబుతాయి: సరుకు కొన్నవాళ్ల చేతికి అందేదాకా దారిలో పోయినా పగిలినా అది వ్యాపారి నష్టమే, కొన్నవాళ్లు తమ సొంత రవాణా పెట్టుకుంటే తప్ప. ప్రకటన కింద ఏ లైను రాసినా ఈ హక్కు పోదు. దేశాల మధ్య సరుకుల వ్యాపారానికి వర్తించే 1980 వియన్నా ఒప్పందంలో దీనికి పూర్తిగా రివర్స్, రవాణా చేయాల్సిన సరుకు మొదటి రవాణాదారు చేతికి అప్పగించగానే నష్టభయం కొన్నవాళ్లకి మారిపోతుంది. కానీ సొంత వాడకానికి కొన్నవాటికి ఆ ఒప్పందం వర్తించదు. ఇక ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకం ఈ వినియోగదారుల చట్టాల కిందకి రాదు. వెలుగునీడ గారి సమస్య సరిగ్గా అక్కడే ఉంది.

అయినా "వీడియో లేదు కాబట్టి మీరే పగలగొట్టారు" అన్నది వాదన కాదు. సాక్ష్యం ఒకటి లేనంత మాత్రాన మిగతావన్నీ చెల్లకుండా పోవు.

పాతబంగారం:
చట్టాలు సరే. ప్లాట్‌ఫారంలో గొడవ వచ్చినప్పుడు అమ్మేవాడి మాట వినేదెవరు? ఈబేలో అమ్మేవాళ్లు కొనేవాళ్లకి నెగటివ్ రేటింగ్ ఇచ్చే వీలు 2008లోనే తీసేశారు. కార్డుతో కట్టినవాళ్లకి ఛార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి తెప్పించుకోవడం, అడగడానికి సాధారణంగా 120 రోజుల దాకా గడువు ఉంటుంది, పేపాల్‌లో ఫిర్యాదుకి 180 రోజులు. నేను అమ్మి, ఆ డబ్బుతో ఇంకో పాత సెట్టు కొనుక్కొని, దాన్ని కూడా అమ్మేశాక మొదటిదాని డబ్బు వెనక్కి లాగేసుకోవచ్చు. అన్ని నెలలు టెన్షన్ మాదే. అందుకే ఆ షరతు. తూకం గారు చెప్పిన బరువు, బోర్డు ఫొటోల సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా, అవి నేనూ మొదలుపెడతాను.

కొత్తగా_చేరాను:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఒకాయన టాబ్లెట్ అమ్ముతున్నారు, ప్లాట్‌ఫారం ఫీజు దండగ, డబ్బు నేరుగా నాకే పంపేయండి, నేను వీడియో తీసి మరీ ప్యాక్ చేస్తాను అంటున్నారు. వీడియో ఉంటుంది కాబట్టి పర్వాలేదా?

తూకం:
పర్వాలేదని అస్సలు అనుకోకండి! వీడియో ఎంత బాగున్నా డబ్బు వెనక్కి తెచ్చే దారి లేకపోతే దాన్ని ఎవరికి చూపిస్తారు? నేరుగా బ్యాంకు బదిలీ, క్రిప్టో, గిఫ్ట్ కార్డు నంబర్లు, పేపాల్‌లో స్నేహితులకి పంపే పద్ధతి, వీటిల్లో కొన్నవాళ్లకి సాధారణంగా రక్షణ ఉండదు. ఫీజు అనేది ఆ రక్షణకి కట్టే డబ్బే. ఆ మనిషి మంచివాడే కావచ్చు, కానీ ప్లాట్‌ఫారం దాటి రమ్మన్నప్పుడు ఆగిపోవడమే మేలు.

ఇంకొకటి కూడా చూసుకోండి. ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని పడుతుంది, మీ ఇంటికి మాత్రం ఏదీ రాదు. మోసగాళ్లు మీ ఊళ్లోనే వేరే అడ్రసుకి ఏదో తేలికపాటి కవరు పంపి, ఆ నంబరు మీకు ఇస్తారు. ట్రాకింగ్ పేజీలో ఊరి పేరు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ప్లాట్‌ఫారం వాళ్లు చేరిందనే అనుకుంటారు. అప్పుడు కొరియర్ వాళ్లని అది ఏ అడ్రసుకి వెళ్లింది, ఎంత బరువుంది అని అడిగి, ఈ అడ్రసుకి కాదని రాతపూర్వకంగా తీసుకోండి. చూశారా, ఇక్కడ విప్పడానికి పెట్టే లేదు. ఇక అన్‌బాక్సింగ్ వీడియో ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు అమ్మేవైపు ఉంటే: డబ్బు అందుకోవడానికి పిన్ గానీ ఓటీపీ గానీ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి" అంటే మొదటి డబ్బు నిజంగా పడిందా లేదా మీ ఖాతా తెరిచి చూడండి, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ కాదు. చెక్కు అయితే ఖాతాలో కనిపించాక కూడా కొన్ని వారాలకి వెనక్కి పోవచ్చు.

నిబంధన:
వీడియో గురించి ఇంకో మాట. దేశం దాటి వచ్చే పార్సిళ్లని కస్టమ్స్ వాళ్లు తెరిచి, చూసి, మళ్లీ టేప్ వేయొచ్చు. వీడియోలో టేపు మీద టేపు కనిపించగానే కొన్నవాళ్లే ముందు విప్పి అంటించారని తేల్చేయడం నేను చూశాను. కొనేవాళ్లూ ఒక పని చేయాలి, టేపు తేడాగా ఉంటే తీసుకునేటప్పుడే డెలివరీ మనిషి ముందు ఫొటో తీసి, వీలైతే సంతకం దగ్గరే "పెట్టె తెరిచినట్టుంది" అని రాయాలి.

పాతబంగారం:
సరే, షరతు ఇలా మారుస్తున్నాను, చూసి చెప్పండి: "పంపేముందు సీరియల్ నంబరు, లోపలి భాగాలు, ప్యాకింగ్, అసలు బరువు ఫొటోలు మీకు పంపుతాను. సరుకు అందిన 48 గంటల్లో తేడా ఏదైనా ఉంటే ఫొటోలతో చెప్పండి. పెట్టె, లోపలి సామగ్రి ఉంచండి. వీడియో ఉంటే త్వరగా తేలుతుంది, లేకపోయినా ఫిర్యాదు వింటాను. దారిలో పగిలితే కొరియర్ క్లెయిమ్ నేనే వేస్తాను."

వెలుగునీడ:
ఈ మాటలు ముందే రాసి ఉంటే నేను ఇంకో ఆలోచన లేకుండా మీ దగ్గరే కొనేవాణ్ణి అండి.

గోదాం_బాబాయ్:
పగిలినవాటికి 48 గంటలు సరిపోతాయి. ఆంప్లిఫయర్ విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగా పాడి, గంట వేడెక్కాక గరగరలాడే సెట్లు ఎన్ని ఉంటాయో మీకే ఎక్కువ తెలుసు. కొన్నవాళ్లు ఊళ్లో లేకపోతే? స్పీకర్లు ఇంకా రాకపోతే? పగుళ్లకి 48 గంటలు, పనితీరుకి కనీసం వారం, అలా విడదీసి రాయండి.

పాతబంగారం:
వారం అంటే ఇష్టమొచ్చినట్టు వాడి పాడుచేసి పంపేవాళ్లకి కూడా వారమే దొరుకుతుంది బాబాయ్ గారూ. ఐదు రోజులు రాస్తాను. అంతకంటే ముందుకి రాలేను.