అంబాసిడర్ స్టీరింగ్ వణుకు తగ్గాలంటే ఏ జాయింట్ వేయించాలి?

నమస్కారం అండీ. మా నాన్నగారి 1978 అంబాసిడర్‌కి నిరుడు పవర్ స్టీరింగ్ పెట్టించాం. స్టీరింగ్ షాఫ్ట్‌కి రెండు నీడిల్ బేరింగ్ యూనివర్సల్ జాయింట్లు (షాఫ్ట్ వంగినచోట కూడా తిరుగుడును అందించే కీళ్లు) వేశారు. అప్పటి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద 70 దాటితే చాలు, స్టీరింగ్ చేతుల్లో సన్నగా వణుకుతోంది. వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను, టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే కడ్డీల చివరి కీళ్లు) బాగానే ఉన్నాయి. జాయింట్లలో ప్లే (వదులు) లేదు, రెండింటి యోక్‌లూ (ఫోర్క్ ఆకారపు చివరలు) ఒకే వరుసలో ఉన్నాయి.

ఒక జాయింట్ తీసేసి, లోపల రబ్బరు ఉండి వైబ్రేషన్ తగ్గించే రకం వేస్తే చాలా? రెండూ మార్చాలా? షాఫ్ట్ వంపు ఒక్కో జాయింట్ దగ్గర 25 డిగ్రీల దాకా ఉంది. పాత రకం రబ్బరు డిస్క్ కప్లింగ్ ఇంత వంపుకి పనికిరాదు, అది దాదాపు తిన్నగా ఉన్నచోటే పనిచేస్తుంది. ఒక మెకానిక్ వెల్డింగ్ చేసి సర్దుతానన్నాడు, స్టీరింగ్ విషయంలో నాకు ధైర్యం చాలలేదు.

రాణీగంజ్‌లో స్ప్లైన్ పళ్లు (షాఫ్ట్ చివర జాయింట్‌లో ఇమిడే గాడులు) లెక్కపెట్టి సరైన జాయింట్ ఇచ్చే దుకాణం తెలిస్తే దయచేసి చెప్పండి. నాన్నగారు మళ్లీ నడపాలని ఎదురుచూస్తున్నారు.