అమెడియస్ బెంగళూరు ఆఫీసులో పని ఎలా ఉంటుంది? చేసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది కావలి. మా తమ్ముడికి అమెడియస్ బెంగళూరు ఆఫీసులో జావా డెవలపర్‌గా ఆఫర్ వచ్చింది. పది రోజుల్లో జవాబు చెప్పాలి.

మా నాన్న "టికెట్లు అమ్మే కంపెనీ కదరా" అంటున్నారు. కాదు, 1987లో ఎయిర్ ఫ్రాన్స్, లుఫ్తాన్సా లాంటి విమాన సంస్థలు కలిసి పెట్టినది, బుకింగు, చెక్-ఇన్ వెనక నడిచే సాఫ్ట్‌వేర్ వీళ్లదే అని చెప్పాను. సగమే నమ్మారు.

నా భయం వేరే. వాడు చెన్నైలో ఒక సర్వీస్ కంపెనీలో రెండేళ్లు నైట్ షిఫ్టులు చేసి ఆరోగ్యం పాడుచేసుకున్నాడు. అమ్మని నెల్లూరు ఆసుపత్రిలో చేర్చిన రోజు కూడా లీవు ఇవ్వలేదు. మళ్లీ ఆ బతుకు వద్దు. విమానాలు రాత్రీ పగలూ తిరుగుతాయి కదా, సిస్టమ్ ఆగితే అర్ధరాత్రి లేపుతారా? ఆన్-కాల్ (పిలిస్తే ఏ వేళైనా పనికి సిద్ధంగా ఉండాల్సిన వంతు) ఎన్ని వారాలకోసారి వస్తుంది? ఫ్రాన్స్ టీములతో పనంటే మనకంటే మూడున్నర, నాలుగున్నర గంటలు వెనక. మీటింగులు రాత్రి ఎన్నింటిదాకా సాగుతాయి?

ఇంకొకటి. పీఎన్ఆర్, ఛార్జీల లెక్కలు, ఇదంతా ఐదేళ్లు నేర్చుకున్నాక వేరే రంగంలో ఉద్యోగం దొరుకుతుందా? 2020లో ప్రయాణాలు ఆగినప్పుడు లోపల ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ రోజులెలా గడిచాయో తప్పకుండా రాయండి. జీతం సంగతి మేం చూసుకుంటాం. ఇలాంటి సాఫ్ట్‌వేరే చేసే సేబర్ కంపెనీలో పనిచేసినవాళ్లు చెప్పినా మేలే.